మన నీళ్లు తాగినవాడు పనికిరాడంట

పోయిన తూరి మామిడి తోటల కౌలు గురించి రాసినాము. దానికి మీరు రాసిన జవాబులన్నీ చదివినాము, తిట్లతో సహా. ఈ తూరి కత వేరే. కొంచెం పొడుగు కూడా. పనులన్నీ అయినాక తీరుబడిగా చదువుకోండి. ఎప్పటి మాదిరే ఇంట్లో ఒకరం చెప్తా ఉంటే ఇంకొకరం రాసినాము. అందుకే ‘మేము’.

మా తమ్ముడి కొడుకు ఇంగ్లండులో పై చదువు చదువుతా ఉన్నాడు. శనివారం సాయంత్రమైతే వాళ్లమ్మకు ఫోన్ చేస్తాడు. ఆ శనివారం మాత్రం ముందు మాకు చేసినాడు. “పెద్దనాయనా, అమ్మకు ఇప్పుడే చెప్పొద్దు” అని మొదలుపెట్టేటప్పటికి మా గుండె జారింది. ప్రేమో, ప్రమాదమో అనుకున్నాము. రెండూ కాదు.

“ఇక్కడ ఒక పరిశోధన జరుగుతా ఉండాది. జొరం తెచ్చే క్రిమిని నీళ్లలో కలిపి తాపిస్తారంట. తాగేసి ఇంటికి వచ్చేయొచ్చు. దినమూ పోయి రక్తం ఇయ్యాల. జొరం వస్తే మందులిస్తారు. మన కాలం పోతుంది కదా, దానికి దుడ్లు కూడా ఇస్తారు. పేరు రాయించుకుందామని ఉండాను.”

“ఏం జొరంరా?”

“టైఫాయిడ్‌కు తమ్ముడు మాదిరి, పెద్దమ్మా. పారాటైఫాయిడ్ అంటారు. దానికి టీకా తయారు చేస్తా ఉండారు.”

టైఫాయిడ్ అనే మాట వింటే మా ఇంట్లో అందరికీ మా చెల్లెలే గుర్తుకొస్తుంది. 1980ల చివర్లో మాట, దానికి పన్నెండేండ్లు. మొదటి నాలుగు దినాలు మామూలు జ్వరమే అనుకొని మిరియాల కషాయం తాపినారు. ఆ జ్వరం మెట్లెక్కినట్లు దినానికొక మెట్టు ఎక్కింది. కృష్ణగిరికి బస్సులో, అమ్మ ఒళ్లో పడుకోబెట్టి తీసుకుపోయినాము. మూడు వారాలు గంజి, బార్లీ నీళ్లు. లేచి కూర్చునేటప్పటికి తల వెంట్రుకలు పిడికెళ్లతో ఊడిపోయినాయి. సంవత్సరం పరీక్షలు పోయినాయి. ‘వచ్చే ఏడు చేర్పిద్దాంలే’ అన్నాడు నాయన. ఆ వచ్చే ఏడు రానే లేదు. ఇంటి పని, తరువాత పెండ్లి. ఇప్పుడు శూలగిరిలో మనవరాలిని ఆడించుకుంటా ఉంది. బతికింది కాబట్టి దాని పేరు ఏ లెక్కలోనూ ఉండదు. టైఫాయిడ్ చంపినవాళ్ల లెక్క ఎవరో ఒకరు రాస్తారు. బడి మానిపించినవాళ్ల లెక్క ఎవరు రాస్తారు?

అట్లాంటి జ్వరాన్ని మావాడు కావాలని తాగుతానంటా ఉంటే మాకు నోట మాట రాలేదు. “వారం గడువియ్యప్పా, చదివి చెప్తాము” అని ఫోన్ పెట్టేసినాము. ఈలోగా సంగతి ఎట్లనో మా మరదలికి తెలిసిపోయింది. “అప్పు చేసి అంత దూరం పంపించింది రోగం తాగేదానికా బావా?” అని ఒకటే ఏడుపు. ఆమెకు సమాధానం చెప్పాలన్నా మేము చదవాల్సిందే.

చదివినాము. మాకు తెలిసిన ఒక డాక్టరుగారిని పట్టుకొని అర్థం కానివన్నీ అడిగినాము. చదివేకొద్దీ ఇది మావాడి కత మాత్రమే కాదని తెలిసింది.

మొదట, మనుషులకే ఎందుకు తాపాలనేది. టైఫాయిడ్ క్రిమి మనిషి ఒంట్లో తప్ప ఇంకెక్కడా సంసారం చెయ్యదు. ఎలుకకు పెడితే ఎలుకకు మనకు వచ్చే జ్వరం రాదు. ఎలుకల్ని, కుందేళ్లని చూసి ‘ఈ టీకా పని చేస్తుంది’ అని చెప్పేదానికి లేదు. మరి ఊళ్లలో పిల్లలకు వేసి చూడొచ్చు కదా అంటే, చూడొచ్చు, కానీ లెక్క చూడండి. నేపాల్‌లోని లలిత్‌పూర్‌లో 20 వేల మంది పిల్లలతో అట్లాంటి పరీక్షే చేసినారు. సగం మందికి టైఫాయిడ్ టీకా, సగం మందికి వేరే టీకా. సుమారు ఏడాది తరువాత చూస్తే టైఫాయిడ్ అని రక్తంలో తేలినవాళ్లు ఒక పక్క 7 మంది, ఇంకో పక్క 38 మంది. మొత్తం 45. ఈ 45 మందిని పట్టుకొనేదానికి 20 వేల ఇండ్ల తలుపులు తట్టాల్సి వచ్చింది. ఆ టీకా పనికిరానిదై ఉంటే? అంత దుడ్డు, అన్నేండ్లు మట్టిలో పోసినట్లే. అందుకే ముందు కొద్దిమందితో, వాళ్లకు అన్నీ చెప్పి, ఒప్పుకున్నవాళ్లకే క్రిమిని ఇచ్చి చూస్తారు. టీకా వేసినవాళ్లు ఎంతమంది పడిపోయినారు, వేయనివాళ్లు ఎంతమంది పడిపోయినారు అని నెల తిరక్కుండానే తెలిసిపోతుంది.

ఇక్కడే మాకు ఆశ్చర్యమైన సంగతి తగిలింది. ఆక్స్‌ఫర్డ్‌లో ఇట్ల పరీక్షించి నెగ్గిన టైఫాయిడ్ టీకా మనవాళ్లు తయారు చేసిందే. హైదరాబాదు దగ్గర జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ చేసిన టైప్‌బార్ టీసీవీ. ఆ కంపెనీ పెట్టిన కృష్ణ ఎల్లా గారు పుట్టింది ఎక్కడనుకుంటారు? తిరుత్తణి పక్కన నెమిలి. అంటే మన మాదిరే తమిళనాడులో పుట్టి ఇంట్లో తెలుగు మాట్లాడిన రైతు బిడ్డ. కోవిడ్ టీకా అప్పుడు ఆయన పేరు అందరూ విన్నారు. అంతకు చాలా ముందే, 2013లో, ఈ టైఫాయిడ్ టీకాకు మన దేశంలో అనుమతి వచ్చింది. మన సంఘంలో ఎంతమందికి తెలుసు? మాకైతే తెలియదు.

ఆ టీకాలో కిటుకు ఏమంటే, టైఫాయిడ్ క్రిమి ఒక చక్కెర పొరను కప్పుకొని ఉంటుంది. పాత టీకాలో ఆ పొర ఒక్కటే ఉండేది. రెండేండ్ల లోపు పిల్లల ఒళ్లు దాన్ని శత్రువుగా గుర్తు పట్టదు. అందుకని ఆ చక్కెర పొరను ధనుర్వాతం టీకాలో వాడే ప్రొటీనుకు కట్టినారు. మేకకు మెడలో గంట కట్టినట్లు. గంట చప్పుడుకు ఒళ్లు లేచి చూస్తుంది, చూసినదాన్ని గుర్తు పెట్టుకుంటుంది. పసిపిల్లలకు కూడా పని చేస్తుంది.

సరే, ఆక్స్‌ఫర్డ్ పరీక్ష. 18 నుంచి 60 ఏండ్ల లోపు, మంచి ఆరోగ్యం ఉన్న 112 మంది ఇష్టపడి చేరినారు. కొందరికి మన హైదరాబాదు టీకా, కొందరికి పాత రకం టీకా, కొందరికి టైఫాయిడ్‌కు సంబంధం లేని మెదడువాపు టీకా. ఎవరికి ఏది వేసినారో వాళ్లకు తెలియదు. నెల తరువాత 103 మంది టైఫాయిడ్ క్రిములు కలిపిన ద్రావణం తాగినారు. దానికి ముందు సోడా ఉప్పు కలిపిన నీళ్లు తాపిస్తారు, కడుపులో పులుపు క్రిముల్ని చంపేయకుండా. రెండు వారాలు దినమూ రక్తం తీసినారు. జ్వరం తేలినవాళ్లకు తేలిన వెంటనే, తేలనివాళ్లకు పద్నాలుగో దినాన, అందరికీ మందులు ఇచ్చినారు. వాడిన క్రిమి మందులకు లొంగే రకం. వంట పని చేసేవాళ్లను చేర్చుకోరు, ఆ చేతితో ఇంకొకరికి పోకుండా.

ఫలితం 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. టైఫాయిడ్ టీకా వేయని 31 మందిలో 24 మంది పడిపోయినారు. మన టీకా వేసిన 37 మందిలో 13 మంది. అంటే సగానికి కొంచెం పైన కాపాడింది, 54.6 శాతం. ఇంతేనా అని మేమూ అనుకున్నాము. డాక్టరుగారు నవ్వి చెప్పినారు: “దినమూ రక్తం తీస్తే, మనిషికి తెలియకుండా రక్తంలో క్రిమి ఒక పూట కనిపించి పోయినా జబ్బు కిందే రాస్తారు. ఇంట్లో ఉండే మనిషి అట్ల ఆసుపత్రికి రాడు కదా. జ్వరం వచ్చి, ఆ తరువాత రక్తంలో తేలినవాళ్లను మాత్రమే లెక్క పెడితే 87 శాతం.” నేపాల్‌లో ఊరి పిల్లల్లో తేలింది సుమారు 82. ఆక్స్‌ఫర్డ్ లెక్క వచ్చిన కొద్ది నెలలకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ టీకాను ఒప్పుకొనింది. ఇందులో ఇంకో విచిత్రం ఉంది. 2016 చివర్లో పాకిస్తాన్ సింధు రాష్ట్రంలో చాలా మందులకు లొంగని టైఫాయిడ్ పుట్టింది. ఎక్కడంటే, హైదరాబాదులో. సింధులో కూడా ఒక హైదరాబాదు ఉంది. ఆ హైదరాబాదు పిల్లలకు ఈ హైదరాబాదులో చేసిన టీకాయే వేసినారు. 2019 నవంబరులో పిల్లల టీకాల వరసలోకి దాన్ని ముందుగా చేర్చుకునిందీ పాకిస్తానే.

ఇదంతా మా మరదలిని కూర్చోబెట్టి చెప్పినాము. సగం వినింది. “ఆ నూరు మందికీ అమ్మలు లేరా అక్కా?” అనింది.

ఉన్నారు. అందుకే మేము ఇంకొంచెం వెనక్కి పోయి చదివినాము.

రోగం అంటించి చూసే పని కొత్తది కాదు. 1796లో జెన్నర్ తోటమాలి కొడుకు, ఎనిమిదేండ్ల జేమ్స్ ఫిప్స్‌కు ఆవు మశూచి పెట్టి, ఆరు వారాల తరువాత అసలు మశూచిని ఎక్కించి చూసినాడు. పిల్లోడికి ఏమీ కాలేదు, ప్రపంచానికి టీకా వచ్చింది. ఏమైనా అయి ఉంటే? 1900లో హవానాలో వాల్టర్ రీడ్ మనుషులు పచ్చ జ్వరం ఎట్ల వస్తుందో తెలుసుకొనేదానికి దోమలతో కుట్టించినారు. అప్పుడు మొదటిసారి కాగితం మీద ఒప్పందం రాసి, స్పానిష్‌లో కూడా రాసి, నూరు డాలర్ల బంగారం ఇస్తామని, జబ్బు పడితే ఇంకో నూరు ఇస్తామని చెప్పి సంతకాలు తీసుకున్నారు. ఆ జట్టులో డాక్టరు లాజియర్ ఆ జ్వరంతోనే పోయినాడు.

మన పక్క కూడా జరిగింది. రొనాల్డ్ రాస్ పేరు బడిలో చదివే ఉంటారు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసినాడు. హుసేన్ ఖాన్ అనే రోగిని దోమలతో కుట్టించి, కుట్టిన దోమకు ఒక అణా లెక్కన ఇచ్చినాడు. ఆయనకు ముందే మలేరియా ఉంది కాబట్టి కొత్తగా నష్టం లేదు. దానికి రెండేండ్లు ముందు కత ఎవరూ చెప్పరు. 1895లో రాస్, మలేరియా రోగిని కుట్టిన దోమలు చచ్చిపడిన నీళ్లను ఆరోగ్యంగా ఉన్న మనిషికి తాపించినాడు. రోగం నీళ్ల ద్వారా వస్తుందేమో అని అప్పుడు అనుమానం. ఆ తాగిన పిల్లోడి పేరును రాస్ ‘లచ్మన్’ అని రాసుకున్నాడు. మన ఊళ్లలో అయితే లచ్చుమన్న. ఆయనకు జ్వరం వచ్చింది. తరువాత తాగిన వేరేవాళ్లలో చాలామందికి రాలేదు కాబట్టి ఆ అనుమానం కొట్టుకుపోయింది. దొరకు నోబెల్ బహుమతి 1902లో వచ్చింది. లచ్చుమన్నకు ఆ గ్లాసులో ఏముందో ఎవరు చెప్పినారు, ఏ భాషలో చెప్పినారు, వద్దంటే దొర ఊరుకునేవాడా? మాకు రాత్రి నిద్ర పట్టకుండా చేసింది ఈ మాటే.

అదే రాస్ బెంగళూరుకు వచ్చినప్పుడు, బౌరింగ్ ఆసుపత్రి అసిస్టెంట్ సర్జన్ అప్పయ్య గారు తనంతట తానే ముందుకొచ్చి, రోగిని కుట్టిన దోమలతో కుట్టించుకున్నాడు. ఆయనకు ఏమీ కాలేదు. ఆ దోమ మలేరియా మోసే రకం కాదని తరువాత తెలిసింది. శివాజీనగరులో ఆ ఆసుపత్రి ఇప్పటికీ ఉంది, మనలో ఎంతోమంది ఆ దోవన పోయినవాళ్లమే. అప్పయ్యగారు డాక్టరు. ఏం చేస్తా ఉన్నాడో ఆయనకు తెలుసు. లచ్చుమన్న తాగిందీ, అప్పయ్య కుట్టించుకునిందీ పుస్తకంలో ఒకే మాదిరి రాసుంటుంది. మాకు మాత్రం అవి రెండూ ఒకటి కావు.

టైఫాయిడ్ సంగతే చూడండి. ఆక్స్‌ఫర్డ్‌లో తాపించిన ఆ క్రిమి రకం అమెరికాలోని మేరీలాండ్ నుంచి వచ్చింది. అక్కడ 1952 మొదలు 1974 దాకా జైలులో ఉన్న ఖైదీలకు టైఫాయిడ్ తాపించి చూసేవాళ్లు. ఎన్ని క్రిములు తాగితే జ్వరం వస్తుందనే లెక్క వాళ్ల ఒళ్ల మీద తేలిందే. వాళ్లూ సంతకం పెట్టినవాళ్లే. గోడల లోపల ఉన్నవాడి సంతకానికి ఎంత విలువ అని తరువాత పెద్ద గొడవ జరిగి ఆ పని ఆపేసినారు. అమెరికావాళ్లు గ్వాటెమాలాలో 1946 నుంచి 48 దాకా ఖైదీలకు, పిచ్చాసుపత్రిలో ఉన్నవాళ్లకు చెప్పకుండా సుఖరోగాలు అంటించినారు. 2010లో క్షమాపణ అడిగినారు. అదే కాలంలో, 1947లో, నాజీ డాక్టర్ల మీద న్యూరెంబర్గ్‌లో తీర్పు చెప్తా, మనిషి ఇష్టపడి ఒప్పుకోకుండా ఏ ప్రయోగమూ చెయ్యరాదని రాసిపెట్టినారు. ఒక చేత్తో రాస్తా, ఇంకో చేత్తో చేస్తా ఉన్నారన్నమాట.

కోవిడ్ అప్పుడు కూడా లండన్‌లో ఇట్ల చేసినారు. 2021లో 18 నుంచి 29 ఏండ్ల మధ్య 36 మంది ముక్కుల్లో వైరస్ చుక్క వేసి, ఆసుపత్రి గదుల్లో పెట్టి చూసినారు. సగం మందికి అంటింది, ఎవరికీ ముదరలేదు. తలా నాలుగున్నర వేల పౌండ్లు ఇచ్చినారు. అప్పటికి కోవిడ్‌కు కచ్చితమైన మందు లేదు. అందుకే టైఫాయిడ్ కన్నా ఆ పరీక్ష మీద ఎక్కువ వాదన జరిగింది. మా మటుకు మాకు, మందు చేతిలో లేని రోగాన్ని తాపడం, మందు పక్కన పెట్టుకొని తాపడం ఒకటి కాదు.

ఇంత చదివి మావాడికి ఫోన్ చేసినాము. మేమిద్దరం ఒక మాట మీదికి రాలేదు, అది కూడా దాచకుండా చెప్పినాము. ఒకరం ‘పోనీలే, వాడు చదువుకున్నోడు, వాడి ఒళ్లు వాడిది, ఎవరో తాగినందుకే కదా మన పిల్లలకు టీకా వచ్చింది’ అన్నాము. ఇంకొకరం ‘ఇంటి బాడుగ కట్టేదానికి కష్టంగా ఉండి కదా వాడు ఆ కాగితం వైపు చూసింది’ అన్నాము. వాడు కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత నవ్వినాడు.

“మీరు కొట్లాడుకోవద్దు పెద్దమ్మా. నేను పనికిరానంట.”

“ఏమిరా, ఒంట్లో ఏమన్నా ఉండాదా?”

“ఏమీ లేదు. టైఫాయిడ్ ఉండే దేశంలో చానా కాలం బతికినోళ్లను తీసుకోరంట. ఇంతకు ముందే ఆ క్రిమి నా ఒంట్లోకి వచ్చి పోయి ఉండొచ్చు. ఒళ్లు దాన్ని ఎరిగి ఉంటే లెక్క తప్పిపోతుందంట. కురుబరపల్లి నీళ్లు తాగినోడు పనికిరాడు.”

మా మరదలు ఆ దినం పక్కింట్లో కూడా స్వీటు పంచింది. మాకు మాత్రం ఆ మాట గొంతులో అడ్డం పడింది. మన పిల్లల కోసం తయారైన టీకాను పరీక్షించేదానికి మన నీళ్లు తాగని ఒళ్లు కావాల్సి వచ్చింది. వాళ్లకు ఆ జ్వరం ఊళ్లో లేదు. ఏడిపించే జ్వరం మనది, దాన్ని అరువు తెచ్చుకొని తాగింది వాళ్లు. దీనికి సంతోషపడాలో సిగ్గుపడాలో ఇప్పటికీ తేల్చుకోలేదు. వేలూరు సీఎంసీ వాళ్లు, ఢిల్లీ, కలకత్తా, పుణె వాళ్లతో కలిసి 2017 నుంచి 2020 దాకా సుమారు 24 వేల మంది పిల్లల్ని వారం వారం అడిగి చూసినారు. టైఫాయిడ్ మనల్ని వదిలిపోలేదని ఆ లెక్కలో తేలింది. వేలూరంటే మనకు ఎంత దూరం?

అందుకే కొందరు శాస్త్రవేత్తలు అడుగుతా ఉండారు: మన రోగానికి మన ఒళ్ల మీదే కదా చూడాల, మన దేశంలోనే ఈ పరీక్షలు ఎందుకు చేయకూడదు అని. న్యాయమైన మాటే. ముందే ఆ క్రిమిని ఎరిగిన ఒంట్లో టీకా ఎట్ల పని చేస్తుందో ఇంగ్లండు ఒళ్లు చెప్పలేదు. 2023లో మన ఐసీఎంఆర్ దీనికి ఒక విధానం ముసాయిదా రాసి జనాల అభిప్రాయం అడిగింది. రేపో మాపో ఏ వేలూరులోనో బెంగళూరులోనో మొదలుపెట్టొచ్చు. అప్పుడు ఎవరు పోతారు?

మేము చెప్పేది ఇక్కడే. మన సిప్‌కాట్ గేటు ముందర పొద్దున్నే నిలబడి చూడండి. కాంట్రాక్టు పని దొరకక వెనక్కి పోయే పిల్లకాయలు ఎంతమంది? రెండు వారాలు రక్తం ఇస్తే ఇన్ని వేలు అంటే వాళ్లు క్రిమి పేరు కూడా అడగరు. 2011లో గుంటూరు జిల్లా పిడుగురాళ్లలో పేద ఆడవాళ్లను దుడ్లు చూపించి హైదరాబాదుకు తీసుకుపోయి మందుల ప్రయోగాలు చేసిన సంగతి పేపర్లలో వచ్చింది. ఎక్కువ ఇస్తే ఆశ చూపించినట్లు, తక్కువ ఇస్తే దోచుకున్నట్లు. ఈ ముడి ఎట్ల విప్పుతారో మాకు తెలియదు. ఒప్పందం రాసేవాళ్లు మాత్రం దాన్ని దాటుకొని పోకూడదు.

ఖమ్మం సంగతి ఇంకా పెద్దది. 2009లో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పదేండ్ల నుంచి పద్నాలుగేండ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఒక టీకా వేసినారు. రోగం అంటించే పరీక్ష కాదది, టీకాను ఊళ్లలో ఎట్ల అందించాలో చూసే పథకం. కొందరు పిల్లలు చనిపోయినారు. టీకా వల్ల కాదని ప్రభుత్వ విచారణ చెప్పింది, ఆ మాటను మేము కాదనము. కానీ అదే విచారణలో ఇంకొకటి బయటపడింది. చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 పత్రాల మీద సంతకం పెట్టింది అమ్మానాయనలు కాదు, హాస్టల్ వార్డెన్లు. 1,948 పత్రాల మీద వేలిముద్రలు. 2010 ఏప్రిల్‌లో ఆ పథకం ఆపేసినారు. టీకా మంచిదే. ఇప్పుడు చాలా దేశాలు ఆడపిల్లలకు వేస్తా ఉన్నాయి. మంచి టీకాకు కూడా చెడ్డ పేరు తెచ్చింది ఆ సంతకాలు.

ఇప్పుడు మన సంగతి. కొత్త మందుల పరీక్షల్లో, ఆ మనిషికి అర్థమయ్యే భాషలో పత్రం ఉండాలని, చదవలేనివాళ్లకు పక్షపాతం లేని సాక్షి ఉండాలని మన దేశంలో నియమం ఉంది. బాగుంది. మన ఇండ్లలో అర్థమయ్యే భాష ఏది? ఇంట్లో, తోటలో, సంతలో తెలుగు. బడిలో తమిళం. 2006 చట్టం వచ్చినాక మన పిల్లలకు తెలుగు అక్షరం బడిలో దొరికేదే కష్టమైపోయింది. మా మరదలు తెలుగు తప్ప ఇంకో భాషలో ఏడవలేదు, కానీ తెలుగులో పత్రం ఇస్తే ఒక్క అక్షరం చదవలేదు. తమిళంలో ఇస్తే చదువుతుంది, బస్సు బోర్డు చదివినట్లు. ‘ద్రావణం’, ‘దుష్ఫలితం’ లాంటి మాటలు వస్తే తల ఊపి సంతకం పెట్టేస్తుంది. హైదరాబాదు పుస్తకాల తెలుగులో రాసి చదివి వినిపించినా అంతే. ఎవరో ఒకరు పక్కన కూర్చొని, మన మొరసునాడు మాటల్లో, ‘ఇది తాగితే నీకు జొరం వస్తుంది, రావాలనే తాపిస్తా ఉండారు, వద్దనుకుంటే నడిమధ్యలో లేచి వచ్చేయొచ్చు, ఎవరూ ఏమీ అనరు’ అని చెప్పాల. అట్ల చెప్పేవాళ్లు మన సంఘంలో కాక ఇంకెక్కడ దొరుకుతారు? ఐసీఎంఆర్ మళ్లా అభిప్రాయాలు అడిగితే మన సంఘం తరఫున ఈ ఒక్క మాటైనా రాసి పంపాలని మా కోరిక. వచ్చే ఆదివారం కూటంలో మాట్లాడుకుందాం.

పోయిన వారం శూలగిరికి పోయి చెల్లెలికి ఈ కతంతా చెప్పినాము. చిక్కుడు కాయలు ఒలుస్తా వినింది.

“తాగినోళ్లకు జొరం వస్తుందని ముందే చెప్పినారా?” అని అడిగింది.

“చెప్పినారు.”

“మందు?”

“పక్కనే పెట్టుకున్నారు. జొరం తేలిన గంటల్లోనే ఇచ్చినారు.”

“వాళ్లకు వెంట్రుకలు ఊడినాయా?”

దానికి మా దగ్గర జవాబు లేదు, ఆ సంగతి మేము చదవలేదు. అది కాయలు పక్కన పెట్టి లోపలికి పోయి మనవరాలి టీకా కార్డు తెచ్చింది. సర్కారు టీకాల వరసంతా టిక్కులతో నిండి ఉంది. టైఫాయిడ్ టీకా ఆ వరసలో లేదు, బయట దుడ్లు పెట్టి వేయించుకోవాల. “ఆ హైదరాబాదు సూది యాడ వేస్తారు?” అనింది.

సోమవారం అందరం కలిసి కృష్ణగిరికి పోయి వేయించుకొని వచ్చినాము. సూది గుచ్చినప్పుడు పాప గట్టిగా ఏడ్చింది. తిరుగు బస్సులో మా చెల్లెలి ఒళ్లో నిద్రపోయింది.